బావ బండికి వెనక షాక్‌లు

మా బావ ఉన్నచోట ఉండలేడు. ఇది నేను సరదాకి అంటున్న మాట కాదు, ఇంట్లో గోడకు వేలాడుతున్న ఫొటోలన్నీ సాక్ష్యం చెబుతాయి. ఏ ఫొటోలో చూసినా అందరూ చక్కగా పళ్లికిలించి నిలబడి ఉంటారు, అక్క పక్కన మాత్రం మసగ్గా ఒక మనిషాకారం ఉంటుంది. అదే బావ. కొత్తగా ఇంటికి వచ్చినవాళ్లు "అయ్యో, ఫొటో తడిసిందా అండీ?" అని అడుగుతారు. "లేదండీ, మా ఆయన" అంటుంది అక్క.

టీ నడుస్తూ తాగుతాడు. పేపరు నిలబడి చదువుతాడు, అదీ ఒక పేజీ వంటింట్లో, ఒక పేజీ బాల్కనీలో. సినిమాకి వెళ్తే సగం హాల్లో చూసి, మిగతా సగం బయట పాప్‌కార్న్ అమ్మే అతని నోట వింటాడు. సెలూన్ అతను ఈయన కటింగ్‌ని రెండు విడతలు చేసుకున్నాడు. "ఈ రోజుకి ఈ చెవి దాకా చాలు సార్, మిగతాది రేపు చూద్దాం" అని పంపేస్తాడు. ఆ రాత్రికి మా బావ అలాగే సగం తలతో తిరుగుతాడు. ఆయన తిరిగే వేగానికి ఎవరూ తేడా కనిపెట్టలేరు.

ఇలాంటి మనిషికి ఏ ఉద్యోగం నిలుస్తుందని మా వాళ్లు మొదట్లో చాలా దిగులు పడ్డారు. ఆయనకు లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం దొరికింది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎక్కడం, దిగడం. కుదురుగా ఉండొద్దని జీతమిచ్చి మరీ చెప్పారన్నమాట. ఆ పనిలో ఆయనకు ఒక సొంత పద్ధతి ఉంది. గ్లాసు నిండా అంచుదాకా నీళ్లు పోసి లిఫ్టులో నేల మీద పెడతాడు. లిఫ్టు ఆగినప్పుడు ఒక్క చుక్క బయటపడినా సంతకం పెట్టడు. "ఆగినట్టు లోపలున్న మనిషికి తెలియకూడదు" అంటాడు. ఊళ్లో లిఫ్టులు నడిపేవాళ్లందరికీ మా బావ పేరు తెలియదు గానీ 'గ్లాసు సార్' అంటే తెలుసు.

సరే, అసలు సంగతి ఆయన బండి. బావకు ఒక పాత ఎస్‌యూవీ ఉంది, ఎవరో వాడి వదిలించుకున్నది. ముందు నుంచి చూస్తే రాజసంగా ఉంటుంది. పక్క నుంచి చూస్తే కూర్చోబోతున్న గేదెలా ఉంటుంది. వెనక భాగం అంతగా కిందికి దిగిపోయింది. దాంతో హెడ్‌లైట్లు రోడ్డును వదిలేసి ఎదుటి ఇళ్ల మేడల మీద పడేవి. బావ మా వీధి మలుపు తిరిగితే చాలు, ఎదురింటి పైవాటా ఆయన "వచ్చాడమ్మా సూర్యుడు" అంటూ కిటికీ మూసుకునేవాడు. బావకు అదేమీ పట్టలేదు. అమ్మ ప్రయాణం కుదిరేదాకా ఆ బండి అలాగే తిరిగింది.

అమ్మ అంటే మా అమ్మ, బావకు అత్తగారు. తుంటి ఎముకకు ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆవిడ ఇల్లు కదలడం తగ్గించేసింది. ఎక్కడికి రమ్మన్నా "నాకేం పని అక్కడ, మీరు వెళ్లిరండి" అనేది. నొప్పిగా ఉందా అంటే "నొప్పా? ఎప్పుడో పోయింది" అనేది. మేం నమ్మేశాం.

అమ్మకు ఒక అక్క ఉంది, మా పెద్దమ్మ. కొండ మలుపుల రోడ్డు దాటాక ఒక చిన్న ఊళ్లో ఉంటుంది. ఆమెకు చూపు తగ్గిపోతోంది. ఎదురుగా ఉన్నది మసకైపోయి అంచుల్లో ఉన్నదే కనిపిస్తోందట. అది కూడా ఎంతకాలం ఉంటుందో చెప్పలేనన్నాడు డాక్టరు. ఒకరోజు ఫోన్లో పెద్దమ్మ, "ఒసేయ్, నీ మొహం ఒకసారి చూపించి పోవే. తర్వాత నువ్వొచ్చి నిలబడ్డా, గోడొచ్చి నిలబడ్డా నాకు ఒకటే" అంది. అమ్మ ఫోను పెట్టేసింది. తర్వాత కళ్లజోడు తుడుచుకుని "ఆదివారం వెళ్దాం" అంది.

మేం ఎగిరి గంతేశాం. బావ మాత్రం తిన్నగా వీధిలోకి వెళ్లి బండి వెనక బంపరు మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కి వదిలాడు. బండి ఊగింది. బావ లోపలికొచ్చి, మంచినీళ్లు తాగి, మళ్లీ వెళ్లి చూస్తే ఇంకా ఊగుతూనే ఉంది.

"వెనక షాక్‌లు పోయాయి. అవి మారిస్తే తప్ప ఈ బండి కదలదు" అన్నాడు.

"దానికేం, రేపు మార్పించేయండి" అంది అక్క. పెళ్లయి ఇన్నేళ్లయినా మా అక్కకు ఇంకా ఆశ చావలేదు.

మర్నాడు నన్ను వెంటేసుకుని మెకానిక్ షెడ్డుకు వెళ్లాడు. మెకానిక్‌ది పెద్ద గొంతు. పక్క షెడ్డులో బండికి రోగమొచ్చినా ఇక్కణ్ణుంచే చెబుతానంటాడు. మా బండి కిందికి దూరి బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"షాక్‌లు కారిపోయాయి సార్. స్ప్రింగులు కూడా చచ్చిపోయాయి. బరువు మోసేది స్ప్రింగు, ఊగకుండా పట్టుకునేది షాక్. రెండూ తెచ్చుకోండి, బిగించేస్తాను."

"ఏ షాక్‌లు తేవాలి?"

"ఏవైనా ఒకటే సార్."

ఆ 'ఏవైనా ఒకటే' అన్న మాట మా అందరి కొంపా ముంచింది. అన్నవాడి కొంప అందరికంటే ముందు మునిగింది.

స్పేర్‌పార్టుల షాపాయన బల్ల మీద వరసగా పేర్చాడు. నూనెతో పనిచేసేవి, గ్యాస్ నింపినవి, సామాన్లు మోసే బండ్లకు వేసేవి, పక్కన చిన్న మర ఉండి గట్టిదనం మనమే తిప్పి మార్చుకునేవి. బావ ఒక్కొక్కదాన్నీ నేల మీద నిలబెట్టి, గుండెతో అదిమి, అది ఎంత నెమ్మదిగా లేస్తుందో చెవి పెట్టి వినడం మొదలుపెట్టాడు.

"వీటిలో ఏది మెత్తన?"

"మెత్తనేంటి సార్, ఇవేమైనా పరుపులా? వెనక ఏం వేస్తారు మీరు?"

"మనుషుల్ని."

"మనుషులకు ఏదైనా చాలు సార్."

"అందరు మనుషులూ ఒకటి కాదు" అని బావ షాపంతా తిరగడం మొదలుపెట్టాడు. షాపాయన మర్యాదకు ఒక స్టూలు తెప్పించాడు. దాని మీద నేను కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. చివరికి షాపాయన పోరు పడలేక, సామాన్ల బండ్లకు వేసే గట్టివే తీసుకుని, వాటికి తగ్గ స్ప్రింగులతో బిగింపించాం.

బండి వెనక భాగం లేచి నిలబడింది. ఎంత లేచిందంటే ముందు భాగం దణ్ణం పెడుతున్నట్టు వంగింది. హెడ్‌లైట్లు మేడలు వదిలేసి బంపరు కిందే పడుతున్నాయి. పైవాటా ఆయన కిటికీ తెరిచి "చల్లగా ఉండండి బాబూ" అని దీవించాడు. "ఇప్పుడు బండిలా ఉంది" అని అక్క మురిసిపోయింది.

బావ మురవలేదు. వెనక సీట్లో నన్ను కూర్చోబెట్టి, చేతికి నిండు గ్లాసు ఇచ్చి, స్కూలు ముందు స్పీడుబ్రేకర్ మీదికి బండి పోనిచ్చాడు. నీళ్లలో సగం నా ఒళ్లోకి వచ్చాయి, సగం పైకప్పుకి వెళ్లి మళ్లీ నా నెత్తి మీదికే వచ్చాయి.

"ఎలా ఉంది?"

"తడిగా ఉంది బావా."

"అది కాదురా. కింద నుంచి ఎలా తగిలింది? గుద్దినట్టా, తోసినట్టా?"

"రెండింటికీ తేడా ఏంటి?"

"ఉంది. తోస్తే ఓర్చుకోవచ్చు" అని, బండి తిప్పి నేరుగా షాపుకి పోనిచ్చాడు.

"సార్, చెప్పులు కావు ఇవి, తొడిగి చూసి నచ్చలేదని తిరిగివ్వడానికి" అన్నాడు షాపాయన. బావ వాదించలేదు. గుమ్మంలో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. లోపలికి రాబోయినవాళ్లు ఆయన ఏ వైపు నుంచి ఏ వైపుకు వస్తున్నాడో తెలియక వెనక్కి పోయారు. కాసేపటికి షాపాయన చేతులు జోడించి "ఇలా ఇవ్వండి, తీసుకుంటాను. ముందు గుమ్మం వదలండి" అన్నాడు.

రెండోసారి అన్నిటికంటే మెత్తనివి తెచ్చాం. బండి పడవైపోయింది. ఒక స్పీడుబ్రేకర్ మీద మొదలైన ఊపు ఇంకో స్పీడుబ్రేకర్ దాకా సాగింది. నీళ్లు గ్లాసులో గుండ్రంగా తిరిగాయి, నా కడుపులో టిఫిన్ కూడా తిరిగింది. "ఇది తోసినట్టు ఉంది కదా?" అని బావ ఆశగా అడిగాడు. నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి ఉన్నాను కాబట్టి జవాబు చెప్పలేకపోయాను.

మూడోసారికి మెకానిక్ మా బండి చప్పుడు గుర్తుపట్టేశాడు. మేం షెడ్డులోకి వెళ్లేసరికి మనిషి లేడు. ఒక లారీ కింద నుంచి రెండు పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. బావ ఆ చెప్పులు పోల్చుకున్నాడు. తాను కూడా నేల మీద వెల్లకిలా పడుకుని, లారీ కిందికి జరిగి, అతని పక్కకి చేరి, "అయితే గ్యాస్‌వి ఎలా ఉంటాయంటావు?" అని తీరిగ్గా అడిగాడు. లారీ కింద నుంచి "అయ్యో సార్!" అని ఒక కేక వినిపించింది. ఆ పెద్ద గొంతు అంత సన్నగా పలకడం నేను ఎప్పుడూ వినలేదు.

శుక్రవారానికి ఇంట్లో వాతావరణం వేడెక్కింది. బండి రోజూ షెడ్డులోనే ఉంటోంది. నాకు జలుబు చేసింది. అక్క బావను గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏవండీ, పెళ్లయిన నాటి నుంచి ఏ కుర్చీలోనూ కుదురుగా లేరు, ఊరుకున్నాను. ఇప్పుడు షాక్‌ల దగ్గర కూడా కుదురు లేదా? పెద్దమ్మ కళ్లు మీ కోసం ఆగుతాయా?"

"ఇంకొక్క రకం చూస్తాను" అన్నాడు బావ, మెట్లెక్కుతూ దిగుతూ.

"ఆ మాట సోమవారం నుంచీ వింటున్నాం బావా" అన్నాను నేను, తుమ్ముల మధ్యలో.

అమ్మ గదిలోంచి మెల్లగా వచ్చింది. "ఎందుకే అంత గొడవ? ఇంత కష్టమైతే మానేద్దాం. ఫోన్లో మాట్లాడుకుంటున్నాంగా ఎలాగూ" అంది. తేలిగ్గానే అంది గానీ, సర్ది పెట్టుకున్న సంచి జిప్పు లాగి ఒక చీర బయటికి తీసింది. నాకు బావ మీద నిజంగా కోపం వచ్చింది. ఈ మనిషి పిచ్చి వల్ల అమ్మ తన అక్కకు మొహం చూపించలేకపోతుందా అని ఒళ్లు మండిపోయింది.

"ఆ చీర లోపల పెట్టేయండి అత్తయ్యా. ఆదివారం వెళ్తున్నాం" అన్నాడు బావ. అని, చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి షెడ్డుకి పరిగెత్తాడు.

శనివారం ఆ మర తిప్పేవి బిగించారు. స్ప్రింగులు మరీ గట్టివీ కాదు, మరీ మెత్తనివీ కాదు. మెకానిక్ మర ఒక్క టక్కు తిప్పడం, మేం స్కూలు దాకా వెళ్లి రావడం, మళ్లీ ఒక్క టక్కు తిప్పడం. ఇదే పని. నీరెండ పడే వేళకు బావ తాళాలు నా చేతిలో పెట్టి "నువ్వు నడుపు" అన్నాడు. తాను వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చున్నాడు. అద్దంలో చూస్తే అదో వింత వాలకం. బరువంతా ఒక తుంటి మీద వేసి, రెండోది కాస్త లేపి, తలుపు మీదున్న పిడి పట్టుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. గ్లాసు పక్కన పెట్టేశాడు.

"అదేం కూర్చోవడం బావా, ముల్లు గుచ్చుకున్నట్టు?"

"నువ్వు రోడ్డు చూడు."

స్పీడుబ్రేకర్ దాటాను. వెనక నుంచి మాట లేదు. మళ్లీ వెనక్కి తిప్పి దాటాను. మాట లేదు. మూడోసారికి కళ్లు తెరిచి "చాలు. ఇదే" అన్నాడు. షెడ్డులో ఆ మాట వినగానే మెకానిక్ మా బావను కావలించుకున్నాడు. చొక్కాకి రెండు వైపులా గ్రీజు చేతులు పడ్డాయి, ఆ మరకలు ఇంకా పోలేదు. బండి వెనక భాగం మాత్రం ముందుకన్నా ఒక బెత్తెడు కిందికే ఉండిపోయింది. "ఇంత హైరానా పడి ఇంకా వంగే ఉందేంటండీ?" అంది అక్క. "ఎక్కడానికి వీలుగా ఉంటుందిలే" అన్నాడు బావ.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. వెనక అమ్మ, అక్క. ముందు నేను, బావ. బండి మెత్తగా పోతోంది. గతుకులు వస్తున్నాయి, వెళ్తున్నాయి, మాకు పెద్దగా తెలియడం లేదు. "బాగుందే" అంది అమ్మ. అక్క కూడా మెత్తబడింది. ఇంతలో బావ బండి పక్కకు తీసి ఆపేశాడు.

"ఏమైంది?"

"కాళ్లు పట్టేశాయి. ఇంక నా వల్ల కాదు. దిగండి, కాస్త నడుద్దాం."

"మీకు పట్టేస్తే మేమెందుకండీ దిగడం?"

"నేనొక్కణ్ణే రోడ్డు పక్కన గిరగిరా తిరుగుతుంటే పిచ్చోడనుకుంటారు. తోడు రండి. అత్తయ్యా, మీరైనా రండి."

"పోనీలేవే, అతని తత్వమే అంత" అని అమ్మ నవ్వుతూ దిగింది. ఆవిడ దిగాక మేం దిగక తప్పలేదు. నలుగురం ఒక మూసేసిన టైర్ల కొట్టు ముందు కాసేపు పచార్లు చేశాం.

అరగంట పోయాక మళ్లీ ఆపాడు. ఈసారి ఒక కల్వర్టు దగ్గర. ఆ తర్వాత ఒక సిమెంటు గోడౌన్ ముందు. ఆ తర్వాత అసలు ఏమీ లేని చోట. ఎక్కడైనా సరే, చూడటానికి వింత లేదు, తాగడానికి టీ లేదు. మేం దిగడం, ఆయన వెనకాల నడవడం, ఎక్కడం. కొండ మలుపుల్లో ఆపినప్పుడైతే అక్క తల పట్టుకుంది. "చంటిపిల్లలు నయం. భగవంతుడా, ఈ మనిషి సీటు కింద నిప్పులేమైనా పోసి పుట్టించావా?" అంది. అమ్మ మాత్రం అల్లుణ్ణి వెనకేసుకొస్తూ ప్రతిసారీ దిగి నడిచింది. నాలుగు గంటల్లో చేరాల్సినవాళ్లం, పెద్దమ్మ ఇంటి ముందు ఆగేసరికి భోజనాల వేళ ఎప్పుడో దాటిపోయింది.

పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి, తనంతట తానే నడిచి వెళ్లింది.

"ఎదురుగా రాకే, కనిపించవు. ఇటు పక్కకి జరుగు, ఇంకా... ఆఁ, ఇప్పుడు కనిపించావు" అంది పెద్దమ్మ మొహం పక్కకు తిప్పి, ఓరగా చూస్తూ. "అదే ముక్కు. ఏమీ మారలేదు. కాస్త లావయ్యావు."

"నువ్వు అంచుల నుంచి చూస్తున్నావుగా, అందుకే అలా కనిపిస్తున్నాను" అంది అమ్మ.

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నవ్వారు, ఏడ్చారు, మళ్లీ నవ్వారు. సాయంత్రానికి అమ్మ తేల్చి చెప్పేసింది. "నేను కొన్నాళ్లు ఇక్కడే ఉంటాను. ఆ పక్క చూపు ఉన్నంతకాలం ఆ పక్కనే కూర్చుంటాను" అంది.

మర్నాడు పొద్దున ముగ్గురం తిరుగు ప్రయాణమయ్యాం. అక్క వెనక సీట్లో వాలి నిద్రపోయింది. కొండ దిగాం. కల్వర్టు దాటాం. గోడౌన్ దాటాం. ఏమీ లేని ఆ చోటు కూడా దాటిపోయింది. బావ కదలకుండా మెదలకుండా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. పెద్దమ్మ ఇంట్లో నేను తాగిన కాఫీల ఫలితం నాకు తెలుస్తోంది.

"బావా, ఎక్కడైనా ఆపవా?"

"ఎందుకు?"

"ఎందుకేంటి? నీకు కాళ్లు పట్టేయలేదా?"

"లేదే. బాగానే ఉన్నాయి."

నేను ఆయన వంక చూశాను. మూడు గంటల నుంచి మా బావ ఒకేచోట కూర్చుని ఉన్నాడు. సీట్లో జరగను కూడా జరగలేదు. ఫొటో తీస్తే వేళ్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

"మరి వచ్చేటప్పుడు అన్నిసార్లు ఎందుకు ఆపావు?"

బావ అద్దంలో నిద్రపోతున్న అక్కను చూసి, గొంతు తగ్గించాడు.

"అరగంట మించి ఒకే తీరుగా కూర్చోకూడదని డాక్టరు చెప్పాడురా అత్తయ్యకు. నొప్పి పోలేదు ఆవిడకి. చెకప్‌కి తీసుకెళ్లినప్పుడల్లా అద్దంలో చూస్తున్నాగా, గతుకు వస్తే ఒక పక్కకి లేచి, ఆ పిడి పట్టుకుని పళ్లు బిగబడుతుంది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

"అమ్మ మాకు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు ఊరుకుంటారా? నొప్పా అమ్మా, పడుకో అమ్మా, కదలకమ్మా అని మంచానికి కట్టేస్తారు. తన కోసం బండి ఆపమని ఆవిడ అడగదు. నేను ఆపితే ఎవరూ ఎందుకని అడగరు. ఊరంతా ఎరిగిన పేరుందిగా నాకు."

మేం అన్నేసి మాటలంటే, ఆ మనిషి ఆ మాటల చాటునే అమ్మను కొండ దాటించాడు. మేం నమ్మడానికి సిద్ధంగా ఉన్న కారణం ఆయన దగ్గర ఎప్పటి నుంచో ఉంది, దాన్ని వాడుకున్నాడంతే. నాకు మా బావ మీద చెప్పలేనంత ప్రేమ పొంగుకొచ్చింది. అంతకంటే తొందరగా ఇంకొకటి కూడా పొంగుతోంది.

"బావా, నీ కాళ్లు పట్టుకుంటాను, ఆపు."

"ఇంకెంత, గంటలో ఇల్లు. కుదురుగా కూర్చోవడం నేర్చుకోరా."

"ఏవండీ, ఆపండి" అంది వెనక నుంచి అక్క. నిద్ర గొంతు కాదది. ఎప్పటి నుంచి మేలుకుని ఉందో తెలియదు. "నాకు కాళ్లు పట్టేశాయి. దిగి మీతో కాస్త నడవాలని ఉంది."

బావ బండి పక్కకు తీశాడు. అది ఆగీ ఆగకముందే నేను దూకి పొదల వైపు పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి ఇద్దరూ రోడ్డు వారన నిలబడి ఉన్నారు. అక్క మామూలుగానే తిడుతోంది. "నాకైనా చెప్పి ఏడవొచ్చుగా? నిన్నంతా నా చేత ఎన్ని మాటలనిపించారు!" అంటూ ఆయన చొక్కా మీద గ్రీజు మరకను కొంగుతో రుద్దుతోంది. అది పోయే మరక కాదని ఆవిడకూ తెలుసు. బావ తప్పు చేసినవాడిలా తల వంచుకుని రుద్దించుకుంటున్నాడు.

"ఇంకాసేపు ఉందామా ఇక్కడ?" అంది అక్క, ఎన్నడూ లేనంత మెత్తగా.

"ఎక్కండి, ఎక్కండి. ఎంతసేపని ఒకేచోట నిలబడతాం?" అంటూ బావ అప్పటికే బండి చుట్టూ రెండుసార్లు తిరిగేశాడు.